‘నా దగ్గర సీరియల్ కథ ఉంది, ఎవరికి ఇవ్వాలి?’ అని అడిగే కొత్త రచయితలకు

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఆగరు. బీటెక్ అయిపోయిన కుర్రాడు అడుగుతాడు, పిల్లలు బడికి వెళ్ళాక రాసుకునే గృహిణి అడుగుతుంది, రిటైరైన తెలుగు మాస్టారు అడుగుతారు. జవాబు ముందే చెప్పేస్తాను. ప్రస్తుతానికి మీ కథ ఎవరికీ ఇవ్వకండి. తెలుగు సీరియళ్ళకు కథల కరువు లేదు. చాలాసార్లు కథ పక్క భాషలో హిట్టయి, రెడీగా వస్తుంది. ఏళ్ళ తరబడి నంబర్ వన్‌గా నడిచిన ‘కార్తీకదీపం’ కూడా మలయాళ సీరియల్‌కి రీమేకే.

కరువు ఉన్నది మనుషులకు. సాయంత్రం ఫోన్ చేసి “కథ ట్రాక్ మారింది, రేపు తొమ్మిదింటి షూటింగ్‌కి నాలుగు సీన్లు కావాలి” అంటే, గొణగకుండా రాసి పంపే మనుషులకు. వారానికి ఆరు ఎపిసోడ్ల సీరియల్ అంటే ఏడాదికి 300 పైచిలుకు ఎపిసోడ్లు. ఎపిసోడ్‌కి ఆరు సీన్లు వేసుకున్నా ఎన్ని సీన్లు రాయాలో మీరే లెక్క చూసుకోండి. ఏ మాటల రచయితా ఒంటిచేత్తో అన్నీ లాగలేడు. మీకు తలుపు తెరుచుకునేది అక్కడే. కాబట్టి కథకుడిగా కాదు, సీన్ రాసే మనిషిగా వెళ్ళండి.

పని ఎలా నడుస్తుందో క్లుప్తంగా

ఛానల్ కథను ఓకే చేస్తుంది, నిర్మాణ సంస్థ తీస్తుంది. కథా రచయిత, ఛానల్ క్రియేటివ్ టీమ్ కూర్చుని రాబోయే వారాల ట్రాక్, అంటే కథ ఎటు నడవాలో, అనుకుంటారు. స్క్రీన్‌ప్లే రచయిత దాన్ని ఎపిసోడ్లుగా విడగొట్టి, సీన్‌కి రెండు మూడు వాక్యాల చొప్పున వన్‌లైన్ రాస్తాడు. ఆ వన్‌లైన్ మాటల రచయిత చేతికి వస్తుంది. అతను రాసింది సెట్‌కి వెళ్తుంది. ఈ వరుసలో కొత్తవాళ్ళకు చోటు దొరికేది చివర్లో, అంటే మాటల దగ్గర, అదీ సహాయకుడిగా.

కావలసినవి

- తెలుగులో వేగంగా టైప్ చేయడం. ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోనే చేయండి. పాత అను ఫాంట్లలో చేసిన ఫైల్ సెట్లో ఎవరి ఫోన్‌లోనో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఫోన్‌లో నోటితో చెప్పి టైప్ చేయించుకోవచ్చు, కానీ పంపేముందు ఒకసారి చదవాలి.
- పీడీఎఫ్ చేయడం, ఫైల్‌కి బుద్ధిగా పేరు పెట్టడం.
- స్టాప్‌వాచ్. ఫోన్‌లో ఉన్నదే చాలు.
- ఛానల్ యాప్ ఏదో ఒకటి. స్టార్ మా సీరియళ్ళు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి.
- పాన్ కార్డు, మీ పేరు మీద బ్యాంకు ఖాతా.
- ఆరు నెలల ఖర్చుకు వేరే ఆధారం. ఉద్యోగం మానేసి హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకోవడం ఈ జాబితాలో లేదు. కింద చెప్పే పది మెట్లలో మొదటి ఐదూ మీ ఊళ్ళోనే, ఉద్యోగం చేసుకుంటూనే అయిపోతాయి.

కోర్సు సర్టిఫికెట్ అవసరం లేదు. ఉంటే తప్పు లేదు గానీ, దాన్ని చూసి పని ఇచ్చినవాళ్ళు నాకు తెలియదు.

1. ఒకే ఒక్క సీరియల్ పట్టుకోండి

ఇప్పుడు నడుస్తున్నదై ఉండాలి. మూడు వారాలు, ఒక్క ఎపిసోడ్ కూడా వదలకుండా చూడండి. మొదటి వారం మామూలు ప్రేక్షకుడిలా చూడండి. రెండో వారం నుంచి కాగితం పక్కన పెట్టుకోండి.

“నేను సీరియల్స్ చూడనండీ, కానీ రాస్తాను” అనేవాళ్ళు ఎక్కువ. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. మీకు ఆ సీరియల్ నచ్చకపోతే ఇంకోటి చూడండి. ఏదీ నచ్చకపోతే ఈ పని వద్దు. నచ్చనిదాన్ని ఏళ్ళ తరబడి రోజూ రాయడం జైలుశిక్ష.

2. చూసినదానికి వన్‌లైన్ మీరు రాయండి

ఎపిసోడ్ ఆపుకుంటూ ప్రతి సీన్‌కీ ఇవి రాసుకోండి: ఎక్కడ జరిగింది, ఎవరెవరున్నారు, ఎన్ని నిమిషాలు, సీన్ మొదట్లో లేనిది చివర్లో ఏం వచ్చింది. అరగంట స్లాట్ అని పేరే గానీ కథకు దక్కేది తక్కువ. ప్రకటనలకు గంటకు 12 నిమిషాల వరకు నిబంధనలు అనుమతిస్తాయి, అంటే అరగంటకు ఆరు. టైటిల్స్, రీక్యాప్, రేపటి ముక్క పోగా మీకు మిగిలేది 20 నిమిషాలకు కాస్త అటూఇటూ.

రెండు వారాల వన్‌లైన్లు రాశాక కొన్ని సంగతులు వాటంతటవే కనిపిస్తాయి. ఇల్లు, ఆసుపత్రి, ఆఫీసు, గుడి, ఈ నాలుగు చోట్లే కథ తిరుగుతుంది. పెద్ద నటి ఉన్న సీన్లన్నీ ఒకే సెట్లో, ఒకే చీరలో ఉంటాయి. ఆమె డేట్లు దొరికింది ఆ రోజే కాబట్టి. బ్రేక్‌కి ముందు సీన్‌లో ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న వేలాడుతూ ఉంటుంది. శనివారం ఎపిసోడ్ మరీ గట్టిగా ముగుస్తుంది, ఆదివారం దాటి సోమవారానికి జనం తిరిగి రావాలి కదా.

సరిచూసుకోవడం: మీ వన్‌లైన్ మాత్రమే ఇచ్చి, ఆ సీరియల్ చూడని మనిషిని కథ చెప్పమనండి. తడబడకుండా చెబితే మీరు సరిగ్గా రాసినట్టు.

3. ఇప్పుడు ఒక్క సీన్ రాయండి

అసలు పని ఇది. ఎక్కువ రోజులు ఇక్కడే గడపండి.

ఫార్మాట్ గురించి టెన్షన్ వద్దు. మన దగ్గర పాత పద్ధతి ఒకటుంది: పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు. ఇప్పటికీ కొందరు అలాగే అడుగుతారు. కొందరు మామూలుగా పేజీ మధ్యలో పేరు, కింద మాట చాలంటారు. ఏ టీమ్‌లో చేరితే వాళ్ళ పద్ధతి. తప్పనిసరిగా ఉండాల్సినవి సీన్ నంబరు, స్థలం, పగలో రాత్రో, పాత్రల పేర్లు. పాత్రల పేర్లు పైన రాయకపోతే ఆ రోజు ఎవరిని పిలవాలో మేనేజర్‌కి తెలియదు. సీన్ మధ్యలో హఠాత్తుగా “పక్కింటి పిన్నిగారు వస్తారు” అని రాస్తే సెట్లో మిమ్మల్ని తిట్టుకుంటారు.

ఒక సందర్భం తీసుకుందాం. కోడలు మాధవి మరిది ఫీజు కోసం తన బంగారు గాజులు ఎవరికీ చెప్పకుండా తాకట్టు పెట్టింది. అత్తగారికి అనుమానం రావాలి. కొత్తవాళ్ళు సాధారణంగా ఇలా మొదలుపెడతారు:

మాధవి: అత్తయ్యా! మూడేళ్ళ క్రితం మీ అబ్బాయి రవితో నా పెళ్ళి జరిగినప్పుడు మా నాన్నగారు కష్టపడి సంపాదించిన డబ్బుతో నాకు పెట్టిన ఆరు తులాల బంగారు గాజుల గురించే కదా మీరు అడుగుతున్నారు?

అత్తగారికి తెలియని సంగతి ఇందులో ఒక్కటీ లేదు. ప్రేక్షకుడి కోసం పాత్ర అప్పజెప్పిన పాఠం అది. పైగా ఈ వాక్యాన్ని సెట్లో పలకడం కష్టం. తెలుగు సీరియళ్ళలో ముఖ్యపాత్రలు వేసేవాళ్ళలో చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు. ప్రాంప్టర్ పక్కనుంచి మాట అందిస్తుంటే విని పలుకుతారు, గొంతు తర్వాత డబ్బింగ్‌లో వేరేవాళ్ళు ఇస్తారు. ఇంత పొడుగు వాక్యాన్ని ముక్కలుగా అందిస్తే ముఖంలో భావం కూడా ముక్కలవుతుంది. అదే సీన్ ఇలా:

సీన్ 4. సావిత్రి ఇల్లు, వంటగది. పగలు.
పాత్రలు: సావిత్రి, మాధవి.

(మాధవి కూర కలుపుతోంది. చేతులకు మట్టిగాజులు. సావిత్రి గుమ్మంలో నిలబడి చూస్తుంది.)

సావిత్రి: రేపు సుజాత వాళ్ళ గృహప్రవేశం. గాజులు వేసుకో.
మాధవి: ఇవి బాగానే ఉన్నాయిగా అత్తయ్యా.
సావిత్రి: మట్టిగాజులతో వస్తావా? జనం నన్నంటారు. మీ నాన్న పెట్టినవేవి?
మాధవి: బిగుతయ్యాయి.
(సావిత్రి దగ్గరికొచ్చి మాధవి చెయ్యి పట్టుకుంటుంది.)
సావిత్రి: మనిషివి చిక్కిపోయావు. గాజులెలా బిగుతయ్యాయి?
(మాధవి చెయ్యి విడిపించుకుంటుంది.)
మాధవి: కూర అడుగంటుతోంది అత్తయ్యా.
సావిత్రి: స్టవ్ ఆపెయ్. బీరువా తాళం ఇలా ఇవ్వు.
(మాధవి ముఖం మీద బొమ్మ ఆగిపోతుంది: ఫ్రీజ్.)

గాజులు పుట్టింటివని తెలిసింది, మాధవి అబద్ధం చెబుతోందని తెలిసింది, అత్తగారు తెలివైనదని కూడా తెలిసింది. ఇద్దరే ఆర్టిస్టులు, ఒకే సెట్. చివర్లో ప్రశ్న మిగిలింది. ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదని గమనించండి. కొత్త రచయితలు ప్రాస కోసం, చప్పట్ల కోసం వెతుకుతారు. సీరియల్‌కి నెలకొక పెద్ద డైలాగ్ చాలు. మిగతా రోజులు ఇదిగో, ఈ గాజుల గొడవే నడిపిస్తుంది.

ఒక హెచ్చరిక. ఫ్రీజ్ పెట్టి, మర్నాడు “అబ్బే, తాళం దొరకలేదు” అని వదిలేయకండి. అలాంటి ఉత్తుత్తి మలుపులు తెర మీద మీరు బోలెడు చూసే ఉంటారు. అవి రాసేవాళ్ళకు అలవాటైపోయాయి, చూసేవాళ్ళకు కాదు. తాళం దొరకని సీన్ రాయాల్సి వస్తే, దానికి బదులు ఇంకా పెద్ద ఇబ్బంది తెండి. బీరువాలో గాజులు లేవు గానీ తాకట్టు రసీదు ఉంది, అనుకోండి.

యాస గురించి కూడా ఒక మాట. మీది కరీంనగరో శ్రీకాకుళమో అయితే ఆ పలుకుబడి మీ ఆస్తి. పుస్తకాల తెలుగు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ ఊరి మాట రాసేవాళ్ళు తక్కువ. అయితే యాసను పనిమనిషికీ, విలన్‌కీ, జోకర్‌కీ మాత్రమే అంటగట్టే పాత అలవాటు ఉంది చూశారూ, ఆ దారిన పోకండి. హీరోయిన్ తల్లి చేత మాట్లాడించి చూడండి.

4. సీన్‌ని నాలుగు పరీక్షలకు పెట్టండి

- స్టాప్‌వాచ్ పరీక్ష. పైకి చదవండి. చూపులకు, నడకకు, మౌనానికి ఆగుతూ చదవాలి. మూడు నాలుగు నిమిషాలు రావాలి. పైన రాసిన సీన్ చదివితే రెండు నిమిషాలు కూడా రాదు. అంటే రోజువారీ ఎపిసోడ్‌కి అది సగం సీనే. మిగతా సగం మీరు రాయండి, అదే మీ మొదటి అభ్యాసం.
- పేర్లు మూసే పరీక్ష. పాత్రల పేర్ల మీద కాగితం పెట్టి మాటలు మాత్రం చదవమని ఎవరికైనా ఇవ్వండి. ఏ మాట ఎవరిదో పోల్చుకోలేకపోతే అందరూ మీలాగే మాట్లాడుతున్నారన్నమాట.
- వంటింటి పరీక్ష. సీరియల్ ప్రేక్షకుల్లో చాలామంది టీవీ వైపు చూడరు, కూరగాయలు తరుగుతూ వింటారు. మీ సీన్‌ని ఎవరికైనా పని చేసుకుంటుండగా చదివి వినిపించండి. ఏం జరిగిందో అర్థమైందా?
- ఖర్చు పరీక్ష. ఎన్ని చోట్లు, ఎంతమంది, రాత్రి షూటింగ్ ఉందా, వాన కావాలా? కారు యాక్సిడెంట్ రాయడం మీకు ఒక వాక్యం. వాళ్ళకు అది అరరోజు. ఫోన్‌లో యాక్సిడెంట్ వార్త విన్న తల్లి ముఖం రాస్తే ఇంట్లోనే పని అయిపోతుంది, చాలాసార్లు అదే బాగుంటుంది కూడా.

మార్కులు వేసేది ఇంట్లోవాళ్ళయితే “బాగుంది” తప్ప ఇంకేం రాదు. కాబట్టి అభిప్రాయం అడగకండి, ప్రశ్న అడగండి. “మాధవి ఏం దాస్తోంది?” అని అడిగితే జవాబు నిజం చెబుతుంది.

5. పూర్తి ఎపిసోడ్ ఒకటి, వన్‌లైన్లు ఐదు

మీరు చూస్తున్న సీరియల్‌కే రాబోయే ఐదు ఎపిసోడ్ల వన్‌లైన్ ఊహించి రాయండి. వాటిలో ఒకదానికి పూర్తిగా మాటలు రాయండి. తర్వాత టీవీలో అసలు ఎపిసోడ్ వస్తుంది కదా, పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీరు రెండు రోజుల్లో ఖర్చు చేసేసిన రహస్యాన్ని వాళ్ళు మూడు వారాలు నడిపి ఉంటారు. సాగదీశారని నవ్వుకోవడం తేలిక. ఎక్కడెక్కడ ఆపారో, ఎవరికి ముందు తెలియనిచ్చారో, ఎవరికి చివరిదాకా తెలియనివ్వలేదో చూడండి. రోజువారీ సీరియల్ నడక అంతా అక్కడే ఉంది.

ఒక ఎపిసోడ్‌కి మీకు ఎంత సమయం పట్టిందో రాసుకోండి. మొదట వారం పట్టినా పర్వాలేదు. రోజున్నరకు దిగేదాకా ఆరో మెట్టుకు వెళ్ళకండి. బాగా రాసి ఆలస్యం చేసేవాడి కంటే ఫర్వాలేదనిపించేలా రాసి టైముకు ఇచ్చేవాడికే ఈ రంగంలో పని. అన్యాయమే, కానీ యూనిట్ మొత్తం కాగితం కోసం కూర్చుంటే ఆ రోజు ఖర్చు ఎవరు భరిస్తారు?

6. ఎవరిని కలవాలి

ఛానల్ ఆఫీసు గేటు దగ్గరికి కాదు. ఛానళ్ళు సాధారణంగా ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర కథ తీసుకోవు, తీసుకుంటే రేపు కాపీ గొడవలు వస్తాయని భయం. మీరు వెతకాల్సింది మాటల రచయితను, ఆ తర్వాత ఎపిసోడ్ డైరెక్టర్‌ను, నిర్మాణ సంస్థలో ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌ను.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? టైటిల్స్‌లో. యాప్‌లో ‘స్కిప్ ఇంట్రో’ నొక్కడం మానేయండి. నాలుగు ఛానళ్ళలో నడుస్తున్న సీరియళ్ళ టైటిల్స్ చూసి ఒక పట్టిక వేయండి: కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం, నిర్మాణం. ఒకే మాటల రచయిత పేరు రెండు మూడు సీరియళ్ళలో కనిపిస్తే గుండ్రంగా చుట్టండి. నిద్ర చాలనిది ఆయనకే, సహాయకుడు కావలసిందీ ఆయనకే. ఈ పేర్లను ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికితే చాలామంది దొరుకుతారు.

హైదరాబాద్‌లో ఉంటే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, మణికొండ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళు తారసపడతారు. అసిస్టెంట్ డైరెక్టర్లతో స్నేహం చేయండి. సీరియల్ రచయిత చేతులెత్తేశాడని ముందు తెలిసేది వాళ్ళకే. ఊళ్ళో ఉండి రాయడం కుదురుతుందా అంటే, నమ్మకం కుదిరాక కుదురుతుంది. మొదటి కొన్ని నెలలు మనిషి కనబడడం మంచిది. విదేశాల్లో ఉన్నవాళ్ళు ముందు వీసా షరతులు చూసుకోండి. ఉదాహరణకు అమెరికాలో హెచ్1బీ మీద ఉంటే స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ డబ్బు తీసుకుని పని చేయకూడదు.

ఈ తలుపు తెరుచుకోకపోతే పక్క తలుపులున్నాయి:

డబ్బింగ్ మాటలు. హిందీ సీరియళ్ళు, పిల్లల కార్టూన్లు తెలుగులోకి వస్తూనే ఉంటాయి. తెర మీద పెదవులు కలిసే చోట ప, బ, మ లాంటి అక్షరం పడేలా, అదే నిడివిలో, అదే అర్థంతో రాయాలి. పేరు రాదు, కానీ వాక్యం పొదుపుగా రాయడం ఇంత బాగా నేర్పే పని ఇంకోటి లేదు.

కామెడీ స్కిట్లు. 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలయ్యాక స్కిట్ రాసేవాళ్ళకు గిరాకీ పెరిగింది. అక్కడ టీమ్ లీడర్‌ను పట్టుకోవాలి. ఆడవాళ్ళను, ఒంటిరంగును, బరువును ఎగతాళి చేయకుండా నవ్వించగలిగితే మీ కాగితం ప్రత్యేకంగా కనిపిస్తుంది.

రేడియో నాటిక. ఆకాశవాణి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కేంద్రాలు నాటికలు ప్రసారం చేస్తూ వచ్చాయి. వంటింటి పరీక్ష నెగ్గాలంటే దీన్ని మించిన బడి లేదు.

7. ఏం పంపాలి

నవల పంపకండి. “సార్ నమస్తే, ఉన్నారా?” అని పంపి జవాబు కోసం కూర్చోకండి. ఇలా ఒక్క మెసేజ్ చాలు:

“నమస్తే సార్. నా పేరు ఫలానా, ఊరు తెనాలి. మీరు మాటలు రాస్తున్న ఫలానా సీరియల్ మొదటి నుంచీ చూస్తున్నాను. గత వారం ఆసుపత్రి సీన్‌లో తండ్రి ఏమీ మాట్లాడకుండా బిల్లు మడిచి జేబులో పెట్టుకోవడం బాగా నచ్చింది. మీ దగ్గర సహాయకుడిగా పని చేయాలని ఉంది. మూడు పేజీల సీన్ ఒకటి రాశాను, పంపమంటే పంపుతాను. తెలుగు యూనికోడ్ టైపింగ్ వచ్చు. ఎపిసోడ్‌కి రోజున్నర పడుతుంది.”

పొగడ్త నిర్దిష్టంగా ఉంది, చూశారని తెలుస్తోంది. అడిగింది ఒక్కటే. సీన్ అడగకుండా అంటించలేదు. జవాబు రాకపోతే రెండు వారాలకు ఒకసారి గుర్తు చేయండి, అంతే. రాత్రి పదకొండింటికి ఫోన్లు వద్దు, ఆ సమయానికి ఆయన రేపటి సీన్ల మధ్య ఉంటాడు.

మీరు పంపే నమూనా సీన్ ఆయన సీరియల్‌ది కాకుండా ఉంటే మేలు. తన పాత్రలను ఇంకొకరు రాస్తే తప్పులే కనిపిస్తాయి. పోలిక ఉన్న వేరే కుటుంబం సీన్ పంపండి.

8. టెస్ట్ సీన్ ఇచ్చారా?

వన్‌లైన్ ఇచ్చి రేపటికల్లా రాయమంటారు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు వన్‌లైన్ మార్చడం. “ఇక్కడ కోడలు ఎదురు తిరిగితే బాగుంటుందనిపించి అలా రాశాను” అంటే పోయినట్టే. ఆ కోడలు ఎదురు తిరగాల్సింది మరో నలభై ఎపిసోడ్ల తర్వాత కావచ్చు. ఇచ్చింది ఇచ్చినట్టు రాయండి. మీ ఆలోచన చెప్పాలనిపిస్తే కింద విడిగా రెండు వాక్యాలు రాయండి.

రెండో తప్పు పిలుపులు కలిపేయడం. ఆ ఇంట్లో కోడలు మామగారిని “మావయ్యగారూ” అంటుందా, “మామయ్యా” అంటుందా? భార్య భర్తను మీరంటుందా, నువ్వంటుందా? నాలుగు ఎపిసోడ్లు చూసి పట్టిక రాసుకుని ఎదురుగా పెట్టుకోండి. ఇది తప్పితే చూసే ఆడవాళ్ళు వెంటనే పట్టేస్తారు.

ఒకటి రెండు సీన్లు ఉచితంగా రాసి చూపించడం మామూలే. వారాల తరబడి ఎపిసోడ్లే రాయించుకుని “ఇంకా టెస్టే” అంటుంటే అది టెస్ట్ కాదు. మర్యాదగా డబ్బు సంగతి ఎత్తండి. రచయితగా అవకాశం ఇస్తాం, రిజిస్ట్రేషన్‌కి ఇంత కట్టండి అనేవాళ్ళ దగ్గర మాటలు కూడా పొడిగించకండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

9. చేరాక మొదటి నెలలు

వీలైతే రెండు రోజులు సెట్‌కి వెళ్ళి ఓ మూల కూర్చోండి. మీరు రాసిన మాట ప్రాంప్టర్ నోట్లో ఎక్కడ తట్టుకుంటుందో చెవులారా వినండి. మూడు ఒత్తులున్న మాటలు, వరుసగా వచ్చే ‘ళ’లు ఇంటికొచ్చి కొట్టేయండి.

గురువారం వాతావరణం మారుతుంది. ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగులు వచ్చేది ఆ రోజు. రేటింగ్ తగ్గితే ట్రాక్ మారుతుంది, మీరు ప్రాణం పెట్టి రాసిన ఆరు ఎపిసోడ్లు చెత్తబుట్టలోకి పోతాయి. ఎందుకని ఎవరినీ అడగకండి, కొత్త వన్‌లైన్ ఎప్పుడొస్తుందో మాత్రం అడగండి. కొట్టేసిన సీన్లు విడిగా ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి, ఏదో ఒక రోజు ఎవరికో జ్వరం వచ్చి డేట్లు తప్పినప్పుడు ఆ సీన్లలో ఒకటి అక్కరకొస్తుంది.

ఫైల్ పేర్ల దగ్గర బద్ధకం పనికిరాదు. “ఫైనల్”, “కొత్త ఫైనల్”, “అసలు ఫైనల్” అని పెడితే సెట్లో పాత సీన్ తీసేస్తారు. ఎపిసోడ్ నంబరు, సీన్ నంబరు, తేదీ, ఎన్నోసారి మార్చారో, ఇవి పేరులోనే ఉండాలి.

10. మీ సొంత కథ, కాగితాలు, డబ్బు

ఒకటి రెండేళ్ళు పనిచేశాక, నిర్మాణ సంస్థలో మీ పేరు తెలిశాక, అప్పుడు కథ బయటికి తీయండి. రెండు పేజీల కాన్సెప్ట్, పాత్రల పరిచయం, మొదటి పది ఎపిసోడ్ల వన్‌లైన్, వంద ఎపిసోడ్ల దాకా ముఖ్య మలుపులు సిద్ధంగా ఉండాలి. “చివర్లో ఏమవుతుంది?” అని మిమ్మల్ని ఎవరూ అడగరు. “రెండో ఏడాది ఏముంది?” అంటారు.

చట్టం సంగతి: ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని మీరు రాసిన తీరుకే ఉంది. సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో ఇది తేల్చింది. కాబట్టి “అత్తే అసలు తల్లి అని తేలుతుంది” అనే ఒక్క వాక్యాన్ని ఎవరికో ఫోన్‌లో చెప్పి, తర్వాత దొంగిలించారంటే నిలబడదు. రాసిన మరుక్షణమే హక్కు మీదవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా రుజువు కోసం చేయించడం మేలు. కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ సభ్యులు స్క్రిప్టును ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు, తెలుగు రచయితలైనా సరే. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, సభ్యత్వ నిబంధనలు వాళ్ళనే అడగండి. కథ వినిపించి వచ్చిన రోజే, “ఈరోజు వినిపించిన కథ సారాంశం జతచేస్తున్నాను, సమయం ఇచ్చినందుకు థాంక్స్” అని ఒక మెయిల్ పంపండి. తేదీతో సహా రికార్డవుతుంది, ఎవరూ నొచ్చుకోరు.

హక్కులు రాసిచ్చేటప్పుడు కాగితం చదవండి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండి, సంతకం చేసి ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్ళకనీ, ఎక్కడి వరకో రాయకపోతే భారతదేశానికే అనీ లెక్క. టైటిల్స్‌లో పేరు పడుతుందా, ఏ హోదాతో, ఇంకో భాషలో రీమేక్ అయితే మీకేంటి, మధ్యలో తీసేస్తే రాసిన ఎపిసోడ్లకు డబ్బు ఎప్పుడిస్తారు, ఈ నాలుగూ సంతకానికి ముందే అడగాలి.

సహాయకుడిగా ఉన్నన్నాళ్ళూ మీకు డబ్బు వచ్చేది సాధారణంగా ప్రధాన రచయిత దగ్గర్నుంచి, నెలకింత అనో ఎపిసోడ్‌కింత అనో. పేరు పడకపోవచ్చు, అది ముందే తెలుసుకుని ఒప్పుకోండి. నిర్మాణ సంస్థ నేరుగా ఇచ్చే దశకు వస్తే ఎపిసోడ్ లెక్కన బిల్లు పెట్టాలి. రెండు మూడు నెలలు ఆలస్యం మామూలు, కాబట్టి ఏ తేదీన ఏ ఎపిసోడ్ పంపారో, ఎప్పుడు ప్రసారమైందో ఒక షీట్‌లో రాస్తూ ఉండండి. బిల్లు మీద ఎపిసోడ్ నంబర్లు వేయండి, “ఈ నెల పని” అని వేస్తే అకౌంట్స్‌లో ఆగిపోతుంది. వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే కోసే పన్ను) పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పట్టుకున్న సొమ్ము మీ పాన్ మీద జమైందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ టీడీఎస్ పట్టిక తెరిచి మూడు నెలలకోసారి చూసుకోండి. కనబడకపోతే ప్రొడక్షన్ మేనేజర్‌కి కాదు, నేరుగా అకౌంటెంట్‌కి మెయిల్ పెట్టండి.